చక్రం విప్పి, మందం కొలిచి చేసిన బ్రేక్ సర్వీస్: ఆరు నెలల తర్వాత నా అభిప్రాయం

కారు బ్రేకులకు ఎన్నాళ్లకోసారి సర్వీస్ చేయించాలని అడిగితే చాలామంది ఒక కిలోమీటర్ల అంకె చెప్పి ఊరుకుంటారు. నేనూ అలాంటి అంకె ఒకదాన్ని నమ్మి ఏడాదికి పైగా బండి నడిపాను. ఆ నమ్మకం ఎంత దూరం తీసుకెళ్లేదో ఆరు నెలల క్రితం బ్రేకుల పని మాత్రమే చేసే ఒక వర్క్‌షాప్‌లో కళ్లారా చూశాను. గత వారం అక్కడికే రెండోసారి వెళ్లి వచ్చాను కాబట్టి, వాళ్లు చేసిన పని నిలిచిందో లేదో చెప్పగల స్థితిలో ఉండి ఈ సమీక్ష రాస్తున్నాను. వర్క్‌షాప్ పేరు రాయడం లేదు. ఇలాంటి చోటుకు వెళ్లినప్పుడు ఏ పని జరగాలో, ఏ పని తరచుగా జరగకుండా పోతుందో తెలియడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగం.

నా కారుకు ఆరేళ్లు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ములు. 50,000 కిలోమీటర్ల దగ్గర, అంతకుముందు నేను వెళ్లే గ్యారేజీలో ముందు బ్రేక్ ప్యాడ్లు, అంటే తిరిగే డిస్క్‌ను రెండు వైపులా నొక్కి ఆపే పలకలు, కొత్తవి వేశారు. ఇక 30,000 కిలోమీటర్ల వరకు వాటి సంగతి మరిచిపోవచ్చని అక్కడివాళ్లు భరోసాగా చెప్పారు. ఆ తర్వాత ఇంజిన్ ఆయిల్ మార్పించడానికి అక్కడికే వెళ్లిన ప్రతిసారీ బిల్లులో ‘బ్రేకులు చూశాము’ అన్న వరుస కూడా ఉండేది. చక్రాలు విప్పకుండా బ్రేకులు ఎలా చూశారని నేను ఒక్కసారి కూడా అడగలేదు. రెండుసార్లు ‘బ్రేక్ ఆయిల్ టాప్ అప్’ అని కూడా రాశారు. డబ్బాలో ఆయిల్ ఎందుకు తగ్గిందో వాళ్లు చెప్పలేదు, అడగాలన్న ఆలోచన నాకూ రాలేదు.

62,000 కిలోమీటర్లు దాటాక ఒక మార్పు గమనించాను. పెడల్ మామూలుగానే ఉంది, కీచుమన్న శబ్దమూ లేదు, డాష్‌బోర్డు మీద దీపమూ వెలగలేదు. కానీ బండి కడిగిన మూడు నాలుగు రోజులకే ఎడమ ముందు చక్రం రిమ్ము మీద నల్లటి పొడి దట్టంగా పేరుకునేది, కుడి చక్రం మీద అంత ఉండేది కాదు. ఒకరోజు దూర ప్రయాణం నుంచి వచ్చి దిగగానే ఆ చక్రం దగ్గర కాలిన వాసన వచ్చింది. చేతిని రిమ్ముకు తాకించకుండా దగ్గరగా పెట్టి చూస్తే ఎడమ వైపు నుంచి వేడి సెగ కొట్టింది, కుడి వైపు అంత వేడి లేదు. ఆ మర్నాడే ఈ వర్క్‌షాప్‌కు వెళ్లాను.

నాకు ముందుగా నచ్చిన విషయం, వాళ్లు బండి చూడకుండా ఏ భాగం మార్చాలో చెప్పలేదు. నాలుగు చక్రాలూ విప్పి, ఒక్కో ప్యాడ్‌నూ బయటికి తీసి, వర్నియర్ కాలిపర్ అనే కొలత పరికరంతో ఇనుప రేకును వదిలి, అరిగే పదార్థం మందాన్ని మాత్రమే కొలిచారు. లోపలి ప్యాడ్‌కూ బయటి ప్యాడ్‌కూ వేర్వేరుగా కొలిచి ఒక కాగితం మీద రాసుకున్నారు. కుడి ముందు చక్రానికి బయటిది 7, లోపలిది 7 మిల్లీమీటర్లు. ఎడమ ముందు చక్రానికి బయటిది 6. లోపలిది తీసి చూసిన మెకానిక్ పని ఆపి, “సార్, ఒకసారి ఇలా వచ్చి చూడండి” అని పిలిచారు. ఆ ప్యాడ్ మందం రెండున్నర మిల్లీమీటర్లు. అది కూడా సమంగా లేదు, ఒక అంచు మరింత పలచబడి ఏటవాలుగా అరిగిపోయి ఉంది. అరుగుదల హెచ్చరిక కోసం ప్యాడ్‌కు బిగించి ఉండే చిన్న రేకు ఇంకా డిస్క్‌ను తాకే దాకా రాలేదు, అందుకే నాకు ఏ శబ్దమూ వినిపించలేదు. రిమ్ము సందుల్లోంచి తొంగి చూస్తే కనిపించేది ఆరు మిల్లీమీటర్లున్న బయటి ప్యాడ్ మాత్రమే. అంటే చక్రం విప్పకుండా చూసేవారు ఎంత శ్రద్ధగా చూసినా ఆ బండి బ్రేకులు బాగున్నాయనే అనుకుంటారు.

కారణం వెతకడానికి ఆ మెకానిక్‌కు ఎక్కువసేపు పట్టలేదు. ఈ రకం బ్రేకులో, పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడితో ముందుకు జరిగే పిస్టన్ లోపలి వైపు మాత్రమే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను డిస్క్‌కు నొక్కగానే, ఆ ఒత్తిడికి ప్రతిగా, పిస్టన్‌ను పట్టి ఉంచే కాలిపర్ అనే భాగం మొత్తం రెండు పిన్నుల మీద జారి, బయటి ప్యాడ్‌ను కూడా డిస్క్ వైపు లాక్కుంటుంది. ఆ పిన్నులు వేలితో తోస్తే జారేంత నునుపుగా ఉండాలి. నా బండిలో పై పిన్ను వేలికి కదలలేదు. ప్లైయర్‌తో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ లాగితే తప్ప బయటికి రాలేదు. వచ్చిన పిన్ను మీద సగం దాకా ఎర్రటి తుప్పు, మిగతా సగంలో ఎండి గట్టిపడిన గ్రీజు. దాన్ని కప్పి ఉంచే రబ్బరు తొడుగుకు గోరంత చీలిక ఉంది. చక్రం చిమ్మిన నీళ్లు ఆ చీలిక గుండానే లోపలికి చేరాయి. పిన్ను బిగుసుకున్నాక కాలిపర్ పూర్తిగా జరగదు, కాబట్టి భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. పెడల్ వదిలాక కూడా అది డిస్క్‌ను పూర్తిగా వదలక రాసుకుంటూనే ఉంటుంది. నల్లటి పొడి, వేడి, కాలిన వాసన అన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

మెకానిక్ అక్కడే కాగితం వెనక వేసి చూపించిన లెక్క ఈ సర్వీస్‌లో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది. కొత్త ప్యాడ్ మందం 10 మిల్లీమీటర్లు అనుకుంటే, కుడి వైపు 12,000 కిలోమీటర్లకు 3 మిల్లీమీటర్లు అరిగింది. అంటే మిల్లీమీటరుకు 4,000 కిలోమీటర్లు. మార్చాల్సిన హద్దును 3 మిల్లీమీటర్లుగా పెట్టుకుంటే ఆ వైపు ఇంకా 16,000 కిలోమీటర్లు నడిచేది, గ్యారేజీవాళ్లు చెప్పిన 30,000 అంకె ఆ ఒక్క వైపు విషయంలో దాదాపు నిజమయ్యేది. ఎడమ లోపలి ప్యాడ్ మాత్రం అదే దూరంలో ఏడున్నర మిల్లీమీటర్లు పోగొట్టుకుంది, అంటే మిల్లీమీటరుకు 1,600 కిలోమీటర్లు. మిగిలిన రెండున్నర మిల్లీమీటర్లు మరో 4,000 కిలోమీటర్లకు పూర్తిగా అరిగిపోయి, ఇనుము ఇనుముతో రాసుకునే స్థితి వచ్చేది. ఒకే బండి, ఒకే డ్రైవరు, ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు, అయినా అరుగుదల వేగంలో రెండున్నర రెట్ల తేడా. ప్యాడ్ ఎప్పుడు మార్చాలన్నది దాని మందమే చెప్పాలి. కిలోమీటర్ల అంకెతో నిర్ణయించగలిగేది ఆ మందాన్ని ఎప్పుడు కొలవాలన్నది మాత్రమే. ఈ రెండింటినీ కలిపేసినందువల్లే నా బండికి ఆ పరిస్థితి వచ్చింది.

టాప్ అప్ సంగతి కూడా అప్పుడే అర్థమైంది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, వాటి వెనక ఏర్పడిన ఖాళీలోకి డబ్బాలోని ఆయిల్ దిగుతుంది. ఎక్కడా కారకుండానే మట్టం తగ్గుతోందంటే ప్యాడ్లు అరుగుతున్నాయని బండి చెబుతున్నట్టే లెక్క. అంతకంటే త్వరగా తగ్గుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం. పాత గ్యారేజీలో ఆ సూచన రెండుసార్లు వచ్చినా పైనుంచి ఆయిల్ పోసి కప్పేశారు. పైగా కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్లను వెనక్కి నెడతారు కాబట్టి, అలా అదనంగా పోసిన ఆయిల్ డబ్బాలోంచి పొంగి పెయింటు మీద పడుతుంది. బ్రేక్ ఆయిల్ పెయింటును లేపేస్తుంది. ఇక్కడ పిస్టన్లు నెట్టే ముందే డబ్బాలోంచి కొంత ఆయిల్‌ను సిరంజితో తీసి, ఫెండర్ మీద గుడ్డ కప్పారు.

ఎడమ లోపలి ప్యాడ్ ఒక్కటే చెడినా ముందు రెండు చక్రాలకూ నాలుగు ప్యాడ్లూ మార్చారు. అది అదనపు బిల్లు కోసం చేసిన పని కాదు. ఒక ఇరుసు మీది రెండు చక్రాలకూ ఒకే రకం ప్యాడ్లు లేకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. డిస్కులు మాత్రం మార్చలేదు. డిస్క్ మీదే కనీస మందం 20 మిల్లీమీటర్లని చెక్కి ఉంది, మైక్రోమీటరుతో కొలిస్తే 21.2 వచ్చింది. ఆ రెండు అంకెలనూ నాకు చూపించి, డిస్కులకు ఇంకా ఆయుష్షు ఉందని చెప్పారు. పెడల్‌లో అదురు లేదు కాబట్టి లేత్ మీద చెక్కించే అవసరం కూడా లేదన్నారు. ఇంకో రెండు భాగాలు అమ్ముకునే అవకాశం ఉన్నా వదులుకున్న చోట నమ్మకం కుదురుతుంది. పిన్నులు నాలుగూ శుభ్రం చేసి, చీలిన తొడుగు మార్చి, రబ్బరును పాడుచేయని సిలికోన్ గ్రీజు పూశారు. మామూలు బేరింగ్ గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి, పిన్ను మళ్లీ బిగుసుకుంటుందట.

ఇక బ్రేక్ ఆయిల్ విషయం. అందరం ఆయిల్ అనే అంటాం గానీ అది ఇంజిన్ ఆయిల్ లాంటి నూనె కాదు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలు గ్లైకాల్ తరహా ద్రవాలు, గాలిలోని తేమను పీల్చుకునే గుణం వాటికి ఉంది. బండి నడిచినా నడవకపోయినా, రబ్బరు గొట్టాల గుండా, డబ్బా మూత గుండా తేమ కొంచెం కొంచెంగా లోపలికి చేరుతూనే ఉంటుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 4 మరిగే స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. సుమారు 3.7 శాతం నీరు చేరిన స్థితిలో దానికి అడిగే హద్దు 155 డిగ్రీలు మాత్రమే. ఈ తేడా ఊళ్లో నిదానంగా తిరిగేటప్పుడు తెలియదు. పొడవైన ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డిస్కులు కొన్ని వందల డిగ్రీలకు వేడెక్కుతాయి, ఆ వేడి కాలిపర్ లోపలి ఆయిల్‌కు చేరుతుంది. తేమ పట్టిన ఆయిల్ అక్కడ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. అందువల్ల పెడల్ నేల దాకా దిగినా చక్రం ఆగదు. బండి చల్లబడ్డాక ఆవిరి మళ్లీ ద్రవంగా మారిపోయి, పెడల్ మామూలుగా పనిచేస్తుంది, ఏం జరిగిందో ఎవరికీ అంతుపట్టదు.

ఆ వేడి ఎంతో ఊహించుకోవడానికి ఒక లెక్క ఉంది. 1,200 కిలోల బండిని గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆపితే, బ్రేకులు వేడిగా మార్చే శక్తి లీటరున్నర చల్లటి నీళ్లను దాదాపు మరిగే దాకా కాయడానికి సరిపోతుంది. వేగం రెట్టింపైతే ఆ శక్తి నాలుగు రెట్లవుతుంది. అంత వేడిని మోసే చోట ఆరేళ్ల నాటి ఆయిల్‌తో నేను తిరిగానని తెలిసినప్పుడు నిజంగా భయం వేసింది. నా బండి కొన్నప్పటి నుంచి ఆ ఆయిల్‌ను ఎవరూ మార్చలేదు, పోస్తూ వచ్చారంతే. కొత్త ఆయిల్ లేత రంగులో పారదర్శకంగా ఉంటే, నా బండి నుంచి గొట్టంలోకి వచ్చింది అడుగు కనిపించనంత ముదురుగా ఉంది. తేమ కొలిచే పెన్ను పెడితే ఎర్ర దీపం వెలిగింది. ఆ పెన్ను కచ్చితమైన పరికరం కాదని మెకానికే ఒప్పుకున్నారు. ఆయిల్‌ను మరిగించి చూసే పరికరం కొలత దానికంటే నమ్మదగినది. అయినా ఆరేళ్లంటే ఏ పరికరమూ అక్కర్లేదు. సీలు వేసిన డాట్ 4 డబ్బాను నా ఎదుటే విప్పి, నాలుగు చక్రాల దగ్గరా పాత ఆయిల్ పోయి కొత్తది వచ్చే దాకా బ్లీడింగ్ చేశారు, అంటే ఆయిల్‌ను గొట్టం గుండా బయటికి వదిలారు. మధ్యలో బండిలోని ఆయిల్ డబ్బా మట్టం తగ్గిపోకుండా ఒకరు పైన కాపలా ఉన్నారు. మట్టం మరీ తగ్గితే గాలి లోపలికి చేరి, గట్టి బ్రేకుకు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్ దాకా వెళ్లవచ్చు, దాన్ని బయటికి రప్పించడానికి కొన్ని బళ్లలో బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ పెట్టాల్సి వస్తుంది.

వెనక డ్రమ్ముల్లో పెద్ద సమస్య లేదు. లోపల పేరుకున్న పొడిని గాలి కొట్టి ఎగరగొట్టకుండా ద్రవంతో తడిపి తుడిచారు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు కాబట్టి ఈ పద్ధతే సరైనది. డ్రమ్ముల్లో ప్యాడ్ల పని చేసే లైనర్ల మందం సరిపడా ఉందని చూసి, హ్యాండ్‌బ్రేక్ సరిచేశారు. ఆయిల్ ఒత్తిడితో ఆ లైనర్లను నెట్టే వీల్ సిలిండర్ల దగ్గర చెమ్మ లేదని తొడుగు ఎత్తి చూపించారు.

లోపాలూ ఉన్నాయి. మొదటిది, కొత్త ప్యాడ్లు వేశాక వాటిని ఎలా అలవాటు చేయాలో నేను అడిగే దాకా ఎవరూ చెప్పలేదు. కొత్త ప్యాడ్ పూర్తిగా డిస్క్‌కు కుదురుకోవడానికి కొంత సమయం కావాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి ఓ మోస్తరు ఒత్తిడితో పది పన్నెండు సార్లు వేగం తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ నడపాలి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు అత్యవసరమైతే తప్ప గట్టిగా బ్రేకు వేయకూడదు. ఇది తెలియక బయటికి రాగానే హైవే ఎక్కేవారికి బ్రేకు తక్కువగా పట్టినట్టు అనిపించి కంగారు పుడుతుంది. దీన్ని బిల్లు మీద రెండు వాక్యాల్లో ముద్రించడం పెద్ద పనేమీ కాదు. రెండోది, చక్రాల నట్లను మొదట నట్లు బిగించే గన్‌తోనే బిగించబోయారు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ వాడమని అడిగాక, కారుతో వచ్చిన పుస్తకంలోని అంకెకు బిగించారు గానీ, అడగకుండానే అలా చేయాల్సింది. నట్లు అసమానంగా బిగిస్తే డిస్క్ సరిగా కూర్చోక, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత పెడల్‌లో అదురు మొదలవుతుంది.

మూడోది నాకు అన్నిటికంటే కష్టం కలిగించింది. లోపల మెకానిక్ అంత నిజాయితీగా కొలిచి చెప్పాక, బయట కౌంటర్ దగ్గర కూర్చున్నతను ప్రతి 5,000 కిలోమీటర్లకూ బ్రేకులన్నీ విప్పి, శుభ్రం చేసి, గ్రీజు పూసే ప్యాకేజీ తీసుకోమని పదే పదే అడిగాడు. అంత తరచుగా విప్పాల్సిన అవసరం మామూలు బండికి లేదు. మెకానిక్‌నే పిలిచి అడిగితే ఆయన కూడా నా బండికి అక్కర్లేదనే చెప్పారు. ఒకే కప్పు కింద రెండు మాటలు వినిపించకూడదు. వినిపిస్తే, ఈసారి నిజంగా అవసరమైన పని చెప్పినప్పుడు కూడా జనం నమ్మరు.

మెకానిక్‌తో మాట్లాడి, కారు పుస్తకం తిరగేసి నేను పెట్టుకున్న లెక్క ఇది. ప్రతి 10,000 కిలోమీటర్లకు లేదా ఆరు నెలలకు, ఏది ముందు వస్తే అప్పుడు, చక్రాలు విప్పించి లోపలి, బయటి ప్యాడ్లు రెండూ కొలిపిస్తాను. ఏ ప్యాడ్ అయినా 5 మిల్లీమీటర్లకు దిగితే ఆ గడువును సగానికి తగ్గిస్తాను, 3కు వచ్చేసరికి మార్పిస్తాను. పిన్నుల శుభ్రం, గ్రీజు, వెనక డ్రమ్ములు విప్పడం, రబ్బరు గొట్టాల మీద పగుళ్లు చూడటం ఏడాదికోసారి. బ్రేక్ ఆయిల్ మాత్రం కిలోమీటర్లతో సంబంధం లేకుండా రెండేళ్లకోసారి. కొన్ని కంపెనీలు మూడేళ్లు అంటాయి, అలాంటప్పుడు బండి పుస్తకం ఏం చెబితే అదే. సముద్రం దగ్గర, వాన నీళ్లలో, మట్టి రోడ్ల మీద తిరిగే బండికి ఏడాది గడువును ఆరు నెలలు చేయడం మంచిది. ట్రాఫిక్‌లో ఆగుతూ సాగే బండి ప్యాడ్లు హైవే మీద తిరిగే బండి ప్యాడ్ల కంటే ఎన్నో రెట్లు త్వరగా అరగవచ్చు.

తక్కువ తిరిగే బళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నెలకు రెండుసార్లు బయటికి తీసే కారు ప్యాడ్లు అరగవు కాబట్టి బ్రేకులు చూపించక్కర్లేదని చాలామంది అనుకుంటారు. ప్యాడ్లు అరగకపోవచ్చు గానీ పిన్నులు బిగుసుకోవడం, డిస్కులు తుప్పు పట్టడం, ఆయిల్ తేమ పీల్చడం అన్నీ నిలిచి ఉన్న బండిలోనూ సాగుతూనే ఉంటాయి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లకూ ఇదే వర్తిస్తుంది. వాటిలో వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది కాబట్టి ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి. కానీ అరుదుగా వాడే బ్రేకు అత్యవసర సమయంలో బిగుసుకుని ఉండకుండా చూసుకోవాలంటే, దాన్ని గడువు ప్రకారం విప్పి చూడాల్సిందే.

గత వారం 70,000 కిలోమీటర్ల దగ్గర అక్కడికే మళ్లీ వెళ్లాను. ఈసారి నేను చెప్పకుండానే టార్క్ రెంచ్ బయటికి వచ్చింది. కొలతల కాగితంలో లోపలి, బయటి ప్యాడ్లకు వేర్వేరు గళ్లు ముద్రించి ఉన్నాయి. పోయినసారి మెకానిక్ వాటిని చేత్తో గీసుకోవాల్సి వచ్చింది. ప్యాకేజీ మాట కౌంటర్ దగ్గర మళ్లీ వినిపించింది గానీ, ఒక్కసారి వద్దనగానే వదిలేశారు. ఎడమ ముందు చక్రం విప్పి మెకానిక్ పై పిన్నును వేలితో నొక్కితే లోపలికి జారి, వదలగానే మెల్లగా వెనక్కి వచ్చింది. రెండు వైపులా, లోపలా బయటా నాలుగు ప్యాడ్లూ 8 మిల్లీమీటర్ల దగ్గరే ఉన్నాయి. ఆ కాగితాన్ని పాత కాగితంతో కలిపి కారు పుస్తకంలో పెట్టుకున్నాను. దాని మీద రాసి ఉన్న తర్వాతి గడువులు రెండు: ప్యాడ్ల కొలతకు 80,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఆయిల్ మార్పుకు మరో ఏడాదిన్నర.